అటకెక్కిన టెలిస్కోపులు

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ తర్వాత ఓ ఆరు నెలల్లో నాకు తెలిసిన ఐటీ వాళ్ళల్లో నలుగురు టెలిస్కోపులు కొన్నారు. నలుగురూ పిల్లల పేరు చెప్పే కొన్నారు. ఇవాళ ఆ నాలుగింట్లో మూడు అటక మీదున్నాయి. నాలుగోది హాల్లో టీవీ పక్కన షోకి నిలబడి ఉంది, దాని మీద తడి తువ్వాలు ఆరేసి ఉండగా కళ్ళారా చూశాను. కదిలిస్తే అందరిదీ ఒకటే పాట: "ఏం కనపడదు బాస్, అంతా హైప్."

హైప్ సంగతి తర్వాత. ఆకాశం ఎక్కడికీ పోలేదు. గురుడు అక్కడే ఉన్నాడు, ఆయన చుట్టూ నాలుగు చంద్రులూ తిరుగుతూనే ఉన్నాయి. మరి ఎందుకు కనపడలేదు? మనం టెలిస్కోపుని ఫోను కొన్నట్టు కొంటున్నాం కాబట్టి. పెట్టె మీద పెద్ద అంకె ఏదో చూస్తాం, రేటింగ్ చూస్తాం, డిస్కౌంట్ చూస్తాం, ఆర్డర్ పెట్టేస్తాం. వచ్చాక బటన్ నొక్కితే పని చెయ్యాలంటాం. రిఫ్లెక్టర్ టెలిస్కోపు ఫోను జాతి వస్తువు కాదండీ, వీణ జాతి. కూర్చున్న ప్రతిసారీ శృతి చేసుకోవాలి. శృతి చెయ్యకుండా నాలుగు తీగలు లాగి, "కర్ణాటక సంగీతం అంతా హైప్" అని తీర్పిచ్చేవాణ్ణి ఏమంటారో మీకు తెలుసు.

ముందు ఆ పెట్టె సంగతి చూద్దాం. ఏ షాపింగ్ సైటులోనైనా టెలిస్కోపు అని కొట్టండి. 76 మిల్లీమీటర్ల అద్దం, 700 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న ఓ బుల్లి రిఫ్లెక్టరు వస్తుంది. మూడు సన్న కాళ్ళ స్టాండు. పెట్టె మీద రంగురంగుల నెబ్యులా బొమ్మ (అది హబుల్ తీసిన ఫోటో, ఈ గొట్టానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు). కింద లావు అక్షరాలతో 525 పవర్!

ఈ 525 ఎక్కణ్ణుంచి ఊడిపడింది? టెలిస్కోపు ఎన్ని రెట్లు పెంచి చూపిస్తుందనేది ఒక భాగహారం, అంతే. గొట్టం ఫోకల్ లెంగ్త్‌ని, కన్ను పెట్టే చోట ఉండే ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 700ని 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో భాగిస్తే 175. దానికి ముందు 3 రెట్ల బార్లో లెన్సు అని ఓ ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే 525. లెక్క కరెక్టే, కోర్టుకెళ్ళినా వాడే గెలుస్తాడు. నా బైకు మీటరు మీద 160 దాకా అంకెలున్నాయి, అవీ అబద్ధం కాదు.

టెలిస్కోపు మొదటి పని వెలుతురు పోగెయ్యడం. వాన పడుతుంటే చెంబు పెడితే చెంబుడు నీళ్ళు, గంగాళం పెడితే గంగాళం నీళ్ళు. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 76 మిల్లీమీటర్ల అద్దం దానికి సుమారు 118 రెట్లు వెలుతురు పడుతుంది, 8 అంగుళాల అద్దం 840 రెట్లు. పట్టిన ఆ కాస్త వెలుతుర్నీ ఎంత పెద్దగా సాగదీస్తే అంత పల్చబడుతుంది, పావుకిలో పిండితో పదడుగుల రొట్టె వత్తినట్టు. వాడుకలో ఉన్న మోటు సూత్రం ఏంటంటే, అద్దం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాకా పవర్ పనికొస్తుంది. అంటే 76కి 152. అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి, అద్దాలు సరిగ్గా కుదిరి ఉంటే. 525 దగ్గర కనపడేది మసక, ఆ మసకలో మన కనురెప్ప వెంట్రుకలు.

స్పెసిఫికేషన్ చదవడమే మన ఉద్యోగం కదా. క్లయింటు పంపిన డాక్యుమెంట్లో కామా తేడాగా ఉంటే పదకొండు మందిని సీసీలో పెట్టి మెయిలు కొడతాం. మరి ఈ పెట్టె దగ్గరికొచ్చేసరికి బుర్ర ఎక్కడ పెట్టి వస్తామో!

మా టీమ్ లీడ్ వాళ్ళింటికి వెళ్ళాను ఓ శనివారం. తొమ్మిదేళ్ళ పిల్ల, తెలివైంది. మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన ఈ 525 బాపతు గొట్టం పెట్టారు. లీడ్ గారు బార్లో, 4 మిల్లీమీటర్లు రెండూ తగిలించి గురుడి కోసం గాలిస్తున్నారు. ఆ పవర్‌లో కనపడే ఆకాశం ముక్క ఎంతుంటుందంటే, భూమి తిరుగుతుంది కాబట్టి ఏ చుక్కైనా దాంట్లోంచి పావు నిమిషంలో జారిపోతుంది. నాబ్ ముట్టుకుంటే స్టాండు వణుకుతుంది, ఆ వణుకు తగ్గేలోపు గ్రహం వెళ్ళిపోతుంది. ఇరవై నిమిషాల పెనుగులాట అయ్యాక పిల్ల కన్ను పెట్టి చూసి, "నాన్నా, ఏం లేదు, నల్లగా ఉంది" అంది. "సర్లే తల్లీ, కిందికెళ్ళి కార్టూన్ చూసుకో పో" అన్నారాయన. అంతే, ఆ పిల్ల దృష్టిలో ఆకాశంలో ఏమీ లేదు. నాకు కడుపు మండేది ఇక్కడే. డబ్బులు పోతే పోయాయి, ఎలాగూ ఏదో ఒక ఆఫర్లో తగలేసేవాళ్ళమే. ఆ పిల్ల తన కంటితో చూసి, సాక్ష్యం దొరికాక, ఆకాశం ఖాళీ అని తేల్చుకుంది. మళ్ళీ ఆ మేడ ఎక్కించడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంకా అన్యాయం ఏంటంటే, ఆ బుల్లి గొట్టంలో అద్దం పాపం బాగానే ఉంటుంది. మిగతావే చెత్త. నేను వెంటనే బార్లో పీకేసి, 20 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, స్టాండు కాళ్ళు పూర్తిగా లోపలికి తోసేసి, దాన్ని నాలుగు ఇటుకల మీద కూర్చోబెట్టాను. 35 రెట్లు. గురుడు చిన్న బఠాణీ గింజలా, పక్కన వరసగా చుక్కలు. గెలీలియో 1610 జనవరిలో ఆ చుక్కల్ని చూసిన గొట్టం పెంచింది ఇంచుమించు 20 రెట్లు. అది చాలింది మనుషుల బుర్రలు తిరగెయ్యడానికి. కానీ అప్పటికే పిల్ల కార్టూన్లో మునిగిపోయింది, రానంది.

కాబట్టి మీ అటక మీద ఇలాంటిది ఉంటే ఇవాళే దించండి. బార్లో, 4 మిల్లీమీటర్లు అవతల పారెయ్యండి. పెట్టెలో "సన్ ఫిల్టర్" అని ఐపీస్‌కి బిగించే నల్ల గాజుబిళ్ళ ఏదైనా ఉంటే దాన్ని సుత్తితో కొట్టి మరీ పారెయ్యండి. అద్దం పోగేసిన ఎండ అంతా ఆ బిళ్ళ మీద పడుతుంది, అది పగిలిన క్షణం కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు మూతి మొత్తాన్ని కప్పే అసలైన సోలార్ ఫిల్టరు కావాలి, అది లేకపోతే పగలు గొట్టానికి మూత పెట్టి ఉంచండి. ఇందులో వాదన లేదు.

కొత్తగా కొనేవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది. 114 మిల్లీమీటర్ల అద్దం, ఫోకల్ లెంగ్త్ 1000 అని రాస్తారు, గొట్టం చూస్తే అరమీటరు కూడా ఉండదు. మామూలు న్యూటన్ రకం రిఫ్లెక్టర్లో గొట్టం పొడవు, ఫోకల్ లెంగ్త్ ఇంచుమించు ఒకటే ఉండాలి. సగమే ఉందంటే మధ్యలో ఎక్కడో ఓ చవక లెన్సు దూర్చి లెక్క సరిపెట్టారన్న మాట. దాన్ని సరిచెయ్యడం అనుభవం ఉన్నవాడికే ప్రాణాంతకం. టేపు పెట్టి కొలవండి, సగం ఉంటే దండం పెట్టి వచ్చెయ్యండి.

మరి ఏం కొనాలి అంటారా? 6 అంగుళాలో, 8 అంగుళాలో అద్దం ఉన్న డాబ్సోనియన్. మోటారు లేదు, బ్యాటరీ లేదు, ట్రైపాడ్ లేదు. ఓ లావు గొట్టం, దాన్ని మోసే ఓ చెక్కపెట్టె. పైకీ కిందకీ, పక్కలకీ చేత్తో తోస్తే కదులుతుంది, వదిలేస్తే అక్కడే ఆగుతుంది. పెట్టె లోపల సంగతి తెలిస్తే నవ్వొస్తుంది: సన్‌మైకా మీద టెఫ్లాన్ ముక్కలు. మన వంటింటి గట్టూ, నాన్-స్టిక్ పెనమూ కలిస్తే ఓ టెలిస్కోపు మౌంటు.

దీని కథ మనవాళ్ళకి తెలిసుండాల్సింది, ఎందుకో తెలియదు. జాన్ డాబ్సన్ 1915లో బీజింగులో పుట్టాడు. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ పరంపర వేదాంత మఠంలో చేరి సన్యాసి అయ్యాడు. విశ్వం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ముందు చూడాలి కదా అని, చేతిలో కాణీ లేకుండా, ఓడ కిటికీల గాజుబిళ్ళలు సంపాదించి ఇసకతో అరగదీసి అద్దాలు చేశాడు. అట్ట గొట్టాలు, పాత చెక్కలు. వాటిని రోడ్డు మీదికి దొర్లించుకెళ్ళి దారినపోయేవాళ్ళందరికీ శని వలయాలు చూపించేవాడు. ఆ టెలిస్కోపుల గొడవతోనే 1967లో మఠం ఆయన్ని బయటికి పంపేసింది. మర్నాడు కూడా రోడ్డు మీదే ఉండి ఉంటాడని నా నమ్మకం. 1968లో పేవ్‌మెంట్ మీద జనానికి ఆకాశం చూపించే సంఘం మొదలెట్టాడు, 2014 జనవరిలో పోయేదాకా అదే పని. ఆ అద్దం ఒంపులో తేడా ఎంత ఉండొచ్చో తెలుసా? వెలుగు అల పొడవులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 70 నానోమీటర్లు. చేత్తో అరగదీసి! మనం చిప్పుల్లో నానోమీటర్ల గురించి కబుర్లు చెప్పుకుంటాం.

పెరట్లో చేసేది పిల్లలాట అనుకునేవాళ్ళకి ఇంకో ఇద్దరి సంగతి. విలియం హెర్షెల్ ఉద్యోగం సంగీతం. ఇంగ్లండులో బాత్ అనే ఊళ్ళో తన ఇంటి వెనక తోటలో, తనే చేసుకున్న 6 అంగుళాల పైచిలుకు లోహపు అద్దంతో 1781 మార్చి 13 రాత్రి యురేనస్‌ని పట్టాడు. అప్పుడు ఆయన వాడిన పవర్ 227. అవును, కొత్త గ్రహానికి 227 చాలింది. మన టీవీ పక్కన షోకేసుకి 525 కావాలి.

రెండోది మన విశాఖపట్నం. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో డాబా గార్డెన్స్‌లో తన ఇంట్లోనే అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు, 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం అక్కణ్ణుంచే గమనించి లెక్కలు కట్టాడు. వాళ్ళవి లెన్సు టెలిస్కోపులు, రిఫ్లెక్టర్లు కాదు, కానీ సంగతి అది కాదు. ఇల్లు, పెరడు, పట్టుదల. ఇవాళ డాబా గార్డెన్స్ వెళ్ళి అడిగితే ఎంతమందికి తెలుసు?

సరే, డాబ్సోనియన్ వచ్చింది. ఇప్పుడు అసలు పని. రెండూ కలిపి సుమారు ఇరవై కిలోలు, ఒక ట్రిప్పులో పెట్టె, రెండో ట్రిప్పులో గొట్టం. మేడ మీద కింద గట్టిగా ఉన్న చోట పెట్టాలి, చలవరాళ్ళ మీద ఒక మూల ఊగితే అట్టముక్క దోపండి. పక్క ఫ్లాటు ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వైపు గొట్టం తిప్పకూడదు, వేడి గాలిలో గ్రహం చేపలా ఈదుతుంది.

పగలే చెయ్యాల్సిన పని ఒకటుంది, అందరూ ఎగ్గొట్టేది అదే. గొట్టం మీద చిన్న ఫైండర్ ఉంటుంది, తుపాకీకి గురి చూసే దానిలాగ. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, ఓ కిలోమీటరు అవతల సెల్ టవర్ కొసని టెలిస్కోపు మధ్యకి తెచ్చి, ఫైండర్ స్క్రూలు తిప్పుతూ అదే కొస ఫైండర్ మధ్యకీ వచ్చేలా చెయ్యాలి. టవరు తలకిందులుగా కనిపిస్తుంది, కంగారుపడి కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యకండి, న్యూటన్ 1668లో మొదటి రిఫ్లెక్టరు చేసినప్పణ్ణుంచీ ఈ రకం గొట్టాల్లో బొమ్మ తలకిందులే. ఆకాశానికి పైనా కిందా లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఈ పది నిమిషాల పని చెయ్యకుండా రాత్రి మేడెక్కేవాళ్ళే "ఏం కనపడదు బాస్" బృందం.

ఇక శృతి. దీన్ని కొలిమేషన్ అంటారు, పేరు వినగానే సగం మంది పారిపోతారు. రిఫ్లెక్టర్లో రెండద్దాలు. గొట్టం అడుగున పుటాకార పెద్ద అద్దం, పైన మూతి దగ్గర వాలుగా ఏటవాలు చిన్న అద్దం. వెలుతురు కిందికెళ్ళి, పైకొచ్చి, పక్కకి తిరిగి కంట్లో పడాలి. కారు డిక్కీలో ఓ గతుకు రోడ్డు మీద తెచ్చారంటే ఈ రెండూ కాస్త కదులుతాయి. కదిలితే శని వలయాలు పిండి వడియంలా అంటుకుపోతాయి. సరిచెయ్యడానికి కావాల్సింది మధ్యలో చిన్న కంత ఉన్న ఓ మూత, ఐపీస్ స్థానంలో పెట్టి అందులోంచి చూడ్డానికి. పాత ఫిలిం డబ్బా మూతకి కంత పెట్టి వాడేవారు, ఇప్పుడు ఫిలిం డబ్బా దొరకడమే గగనం. చెషైర్ ఐపీస్ అని అమ్ముతారు, అది కొనుక్కోండి. లేజరువి చవకవి వద్దు. వాటిలో లేజరే వంకరగా ఉంటుంది, దాన్ని నమ్మి బాగున్న అద్దాల్ని చెడగొడతారు.

కంతలోంచి చూస్తే బావిలోకి తొంగి చూసినట్టుంటుంది. గుండ్రంలో గుండ్రం, అందులో ఇంకో గుండ్రం, చివర మీ కన్ను. మొదట చిన్న అద్దం వెనకున్న మూడు స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పుతూ, పెద్ద అద్దం అంచు మొత్తం, దాన్ని పట్టుకున్న క్లిప్పులతో సహా, అందులో సమానంగా కనిపించేలా చెయ్యాలి. ఇది చేసేటప్పుడు గొట్టం అడ్డంగా పడుకోబెట్టి ఉంచండి. నిలబెట్టి ఉండగా స్క్రూడ్రైవర్ చేజారితే నేరుగా పెద్ద అద్దం మీద పడుతుంది, ఆ చప్పుడు జన్మలో మర్చిపోలేరు. తర్వాత గొట్టం అడుగునున్న స్క్రూలు తిప్పి, పెద్ద అద్దం నడిమిన అంటించిన చిన్న రింగు సరిగ్గా మధ్యకి వచ్చేలా చెయ్యాలి. చిన్న అద్దం పని ఎప్పుడో గాని పడదు. పెద్ద అద్దం మటుకు బయటికి తీసిన ప్రతిసారీ చూసుకోవాలి. మొదటిరోజు అరగంట, పదోరోజుకి రెండు నిమిషాలు. ఆఖరి పరీక్ష నక్షత్రం మీద. నడినెత్తికి దగ్గరగా ఉన్న ఓ చుక్కని హై పవర్లో పెట్టి ఫోకస్ కొంచెం తప్పించండి, చుట్టూ రింగులు వస్తాయి. అవి ఏకకేంద్రంగా ఉంటే శృతి కుదిరినట్టు. అమెరికా వీడియోల్లో ధ్రువనక్షత్రం మీద చూడమంటారు, కదలదు కాబట్టి. హైదరాబాదులో అది 17 డిగ్రీల ఎత్తులోనే, దుమ్ములోనో పక్క బిల్డింగు వెనకాలో ఉంటుంది. మనకి పనికిరాదు.

ఈక్వటోరియల్ మౌంటు కొనమని సలహా ఇచ్చేవాళ్ళకి కూడా ఇదే సమాధానం. దాని ఇరుసు ధ్రువం వైపు గురిపెట్టాలి. మన అక్షాంశంలో ఆ ఇరుసు దాదాపు పడుకున్నట్టే ఉంటుంది, చాలా వాటిలో బరువు గుండు వెళ్ళి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఫోటోలు తియ్యని మనిషికి ఆ గోల ఎందుకు?

అద్దం చల్లబడాలి. ఇది కూడా పాటించరు. గదిలో ఉన్న అద్దం బయటి గాలితో సమానమయ్యేదాకా గొట్టం లోపల గాలి సుడులు తిరుగుతుంది, బొమ్మ ఉడుకుతున్నట్టుంటుంది. అరగంట నుంచి గంట ముందే పైన పెట్టేసి వచ్చి భోంచెయ్యండి. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్ళు ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మీద చెమట పడుతుంది, ఏసీ లేని గదిలో ఉంచుకోండి. ఎండాకాలం మేడ గచ్చు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది. మన పెద్దవాళ్ళు మేడ మీద పడుకునేముందు సాయంత్రం నీళ్ళు చల్లేవారు గుర్తుందా? అదే చెయ్యండి, ఆరాక టెలిస్కోపు పెట్టండి. ఇంకోటి: అద్దం మీద దుమ్ము పడితే తుడవకండి. కాస్త దుమ్ముతో చూపు ఏం తగ్గదు, పైనున్న అల్యూమినియం పూత గీతలు పడితే మాత్రం పోయినట్టే. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు కిటికీ అద్దాలు తుడిచే నీలం మందు కొట్టి పాత పంచె గుడ్డతో మెరిపించేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.

ఎప్పుడూ 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తోనే మొదలెట్టాలి. 1200 ఫోకల్ లెంగ్త్‌కి అది 48 రెట్లు, ఓ చుక్క అడ్డంగా దాటడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఇంటిల్లిపాదీ వరసగా చూడొచ్చు. దొరికాక 10 మిల్లీమీటర్లు పెట్టి 120కి వెళ్ళండి. 2025 మార్చిలో శని వలయాలు మనకి అంచు తిరిగి గీతలా సన్నబడ్డాయి, అక్కణ్ణుంచి మెల్లగా విచ్చుకోవడం మొదలైంది. పిల్లలకి చూపించి బొమ్మ గీయించి పెట్టుకోమనండి, వచ్చే ఏడాది గీసిన దానితో పోల్చుకుంటారు.

"సిటీలో ఏం కనిపిస్తుంది" అనేది తర్వాతి వాదన. లైట్ల సంగతి నిజమే, గెలాక్సీలు మర్చిపోండి, దానికి వికారాబాదు అవతలికి వెళ్ళాల్సిందే. కానీ చంద్రుడికి, గురుడికి, శనికి వీధి దీపాలతో పనిలేదు. గొల్లకావడి కింద ఉండే నెబ్యులా 8 అంగుళాల్లో మా మేడ మీంచే పొగలా కనిపిస్తుంది. పిల్లలకోడి చుక్కలు ఐపీస్ నిండా పరుచుకుంటాయి. గొల్లకావడి, పిల్లలకోడి అంటే ఏంటని అడుగుతున్నారా? మీ అమ్మమ్మని అడగండి. ఆవిడకి టెలిస్కోపు లేకుండానే తెలుసు.

"ఈ శ్రమంతా ఎందుకు, ఇప్పుడు స్మార్ట్ టెలిస్కోపులొచ్చాయి కదా, సోఫాలో కూర్చుంటే ఫోన్లో ఫోటో వస్తుంది" అనేవాళ్ళు మూడో రకం. ఫోటోలు కావాలంటే తప్పకుండా కొనండి, మంచి ఫోటోలు వస్తాయి. కానీ వాటిలో చాలావాటికి కన్ను పెట్టే చోటే లేదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా స్క్రీను చూసి, ఆకాశం కూడా స్క్రీన్లోనే చూడాలా? ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగు పాతిక లక్షల ఏళ్ళు ప్రయాణం చేసి వస్తే, ఆఖరి మీటరులో సెన్సారుకి అప్పజెప్పి, మనం రీల్స్ మధ్యలో దాన్నో బొమ్మగా చూస్తామన్న మాట.

ఖర్చంటారా, 6 అంగుళాల డాబ్సోనియన్ మనం రెండేళ్ళకోసారి మార్చే ఖరీదైన ఫోను కంటే తక్కువే, పైగా పదేళ్ళయినా పాతబడదు. దానికి అప్‌డేట్లు రావు. టైము లేదనే వాళ్ళతో మాత్రం నేను వాదించను, రాత్రి పన్నెండింటికి వాళ్ళ వాట్సాప్ స్టేటస్ నేను చూస్తూనే ఉంటాను.

అమెరికాలో ఉన్న మిత్రులకి అసలైన పెరడు ఉంది, అందులో బార్బెక్యూ ఉంది, టెలిస్కోపు లేదు. డల్లాస్ వాళ్ళకీ న్యూజెర్సీ వాళ్ళకీ ధ్రువనక్షత్రం ఎత్తుగా దొరుకుతుంది, వాడుకోండి. చలికాలం వెచ్చటి ఇంట్లోంచి తెచ్చిన అద్దం చల్లారడానికి గంట పైనే పడుతుంది, గరాజ్‌లో ఉంచుకుంటే ఆ బాధ లేదు. అయితే ఒక్క విషయంలో మాత్రం మేమే గొప్ప. అగస్త్య నక్షత్రం న్యూజెర్సీలో అసలు ఉదయించదు, హైదరాబాదులో 20 డిగ్రీల ఎత్తున వెలుగుతుంది. ఒమేగా సెంటారీ అనే లక్షల నక్షత్రాల ముద్ద మాకు దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకొస్తుంది, మీకు చెట్ల కొమ్మల వెనకే అస్తమిస్తుంది. సెలవులకి ఏప్రిల్, మే నెలల్లో వస్తే బిర్యానీతో పాటు దాన్ని కూడా లిస్టులో రాసుకోండి.

ఇంతా చెప్పి, చివరికి అందరం వచ్చి ఆగేది మేడ తాళం దగ్గర. మా అపార్ట్‌మెంటులో మేడకి తాళం. కారణం అడిగితే భద్రత అంటారు. అదే మేడ మీద డిష్ యాంటెన్నాలు బిగించడానికొచ్చే కుర్రాళ్ళకి తాళం క్షణంలో దొరుకుతుంది, మెయింటెనెన్స్ కట్టే మనకి దొరకదు. పైన రాత్రంతా వెలిగే తెల్లటి ఫ్లడ్‌లైటు ఒకటి, ఎవరికోసమో తెలీదు, తాళమేసిన మేడ మీద! ఇది మా ఒక్క బిల్డింగు కథ కాదు, అడిగి చూడండి. హైదరాబాదులో అపార్ట్‌మెంటు వాడికి మేడే పెరడు. దాన్ని వదులుకుంటే ఇంక మిగిలింది బాల్కనీలోంచి ఎదురు బాల్కనీ.

నేను అసోసియేషన్‌కి రాతపూర్వకంగా పెట్టాను. నెలకి రెండు శనివారాలు, రాత్రి 8 నుంచి 11 దాకా, తాళం నా పూచీ, ఫ్లడ్‌లైటు ఆ మూడు గంటలు ఆపాలి, పిల్లలెవరైనా రావచ్చు, పక్కన ఓ పెద్దవాళ్ళుండాలి. 40 ఫ్లాట్లలో 17 సంతకాలయ్యాయి. సెక్రటరీ గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "మీది ఎన్ని పవర్ బాబూ?" అని అడిగారు.